వీఆర్ఎస్ కాగితం మీద సంతకం పెట్టకండి

యాక్సిడెంట్‌లో కాలు పోయింది, ఆఫీసులో వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) రాసిమ్మంటున్నారు, నేరుగా హైకోర్టుకు వెళ్లొచ్చా అని మీరు అడిగారు. ఏడేళ్ల కిందట నా చూపు దెబ్బతిన్నప్పుడు మా శాఖలోనూ నన్ను ఇదే అడిగారు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ సంతకం పెట్టకండి. పెడితే "ఆయనే ఇష్టపడి వెళ్లారు" అని రేపు కోర్టులో వేసే జవాబులో (కౌంటర్‌లో) రాస్తారు. మీది ప్రభుత్వోద్యోగం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20(4) సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవారిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతం స్కేలుతో వేరే పోస్టు ఇవ్వాలి. అలాంటి పోస్టు లేకపోతే, దొరికేదాకా సూపర్‌న్యూమరరీ పోస్టులో, అంటే మంజూరైన పోస్టులకు అదనంగా సృష్టించే పోస్టులో ఉంచాలి.

నేను నాలుగు నెలలు పేషీల చుట్టూ నోటిమాటతో తిరిగాను. "చూద్దాంలెండి" అంటే నమ్మాను. తీరా లాయర్ గారు "వేరే పోస్టు కావాలని మీరు అడిగిన కాగితం ఏది?" అంటే చూపించడానికి ఒక్కటీ లేదు. ఆ రోజు పడ్డ బాధ మీకు వద్దు. అర్జీ ఇన్‌వర్డ్‌లో (ఆఫీసుకు వచ్చే కాగితాలు తీసుకునే చోట) ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యబోమంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

మీ శాఖలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఫిర్యాదు నమోదయ్యాక రెండు వారాల్లో విచారించాలి. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కూ రాయొచ్చు. అయితే ఆయన ఇచ్చేది సిఫార్సు, కోర్టు ఉత్తర్వు కాదు. శాఖ దాన్ని ఒప్పుకోకపోతే మూడు నెలల్లో కారణం చెప్పాలి. ఆ కారణం కాగితం కూడా హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌లో మెటీరియల్ పేపర్‌గా (ఆధారంగా జతచేసే కాగితంగా) పనికొస్తుంది.

ఈలోగా తొలగిస్తూ ఆర్డర్ ఇచ్చేస్తే మాత్రం వీటికోసం ఆగకండి. వెంటనే హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ వేసి, ఆర్డర్‌ను సస్పెండ్ చేయమని ఐఏ (మధ్యంతర దరఖాస్తు) కూడా వేయించండి. కేంద్ర ఉద్యోగులైతే ముందు క్యాట్‌కు (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కు) వెళ్లాలి. రంగులు గుర్తుపట్టలేరని 2016లో ఇంటికి పంపిన ఒక ఆర్టీసీ డ్రైవర్‌కు వేరే ఉద్యోగం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తీర్పిచ్చింది. కానీ మధ్య కాలపు జీతంలో ఆయనకు దక్కింది 25 శాతమే. ఆలస్యం చేయొద్దనేది అందుకే.

ఫీజు గురించి టెన్షన్ పడకండి. దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) తీసుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. అది ఇంకా రాలేదా? అయితే దాని వైద్య పరీక్షకు రేపే స్లాట్ బుక్ చేసుకోండి.