‘పరిశీలించండి’ అన్న తీర్పు మీద కోర్టు ధిక్కారం వేయొచ్చా?

ప్రశ్న: నేను ఒక రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. ఫైలు కనిపించలేదని ఏడు నెలలు సస్పెండ్ చేశారు. విచారణలో ఆరోపణ రుజువు కాలేదు. అయినా ఆ ఏడు నెలలను డ్యూటీగా లెక్కించలేదు. హైకోర్టుకు వెళితే 2023 ఆగస్టులో ‘ఎనిమిది వారాల్లో పరిశీలించి తగిన ఉత్తర్వులు ఇవ్వండి’ అని ఆదేశించింది. అధికారి ‘నిబంధనలు అనుమతించవు’ అని ఒక్క లైను మెమో పంపారు. తర్వాత ఐదుసార్లు అర్జీ పెట్టినా జవాబు లేదు. ఈ టెన్షన్‌తో నా భార్య ఆసుపత్రి పాలైంది. కోర్టు ధిక్కారం కేసు వేసి ఆ అధికారిని జైలుకు పంపాలి. మెమో నాకు అందనే లేదని అఫిడవిట్ వేస్తే పాత తేదీ అడ్డు రాదని తెలిసినాయన అన్నారు. నిజమేనా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. మీ కేసును తేల్చే మాట మాత్రం తీర్పు చివరి పేరాలో ఉంది: ‘పరిశీలించి’. ఆ ఏడు నెలల జీతం చెల్లించమని కోర్టు చెప్పలేదు. పరిశీలించమంది. అధికారి పరిశీలించానని, కుదరదని రాసిచ్చారు. ఆయన తప్పుగా నిర్ణయించి ఉండొచ్చు, కానీ అది ధిక్కారం కాదు. ఇలా కొత్త ఉత్తర్వు వచ్చినప్పుడు దాన్ని విడిగా సవాలు చేయాలే తప్ప, ధిక్కారం కేసులో దాని మంచిచెడ్డలు తేల్చరని 1996లోనే జె.ఎస్. పరిహార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 20వ సెక్షన్ ప్రకారం ధిక్కారం జరిగిన ఏడాదిలోపే కోర్టుకు రావాలి. ఎనిమిది వారాలు దాటాక మెమో ఇచ్చారన్నదే మీ ఫిర్యాదు అనుకున్నా, ఆ ఏడాది ఎప్పుడో గడిచిపోయింది.

ఇక ఆ అఫిడవిట్ సంగతి. మీరు పంపిన జిరాక్సుల్లో మెమో వెనకవైపు, మీ చేతిరాతతోనే, ‘ముట్టినది 14-11-2023’ అని ఉంది. కింద మీ పొట్టి సంతకం ఉంది. ఆఫీసు కాపీ మీద కూడా మీ సంతకం ఉండే ఉంటుంది. దీన్ని పెట్టుకుని అందలేదని ప్రమాణం చేస్తారా? కోర్టులో తెలిసి అబద్ధపు సాక్ష్యం ఇస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. ఆరోపణ రుజువు కాక బయటపడ్డ ఉద్యోగి, ఈసారి రుజువయ్యే నేరం తన చేత్తో చేసినట్టవుతుంది. ఆ సలహా ఇచ్చినాయన రేపు బోనులో మీ పక్కన నిలబడడు. ఆ ఆలోచన ఈ రోజే మానేయండి.

ఐదు అర్జీల గురించి కూడా గట్టిగానే చెప్పాలి. అర్జీ మీద అర్జీ పెడితే గడువు పెరగదు. ఎస్.ఎస్. రాథోర్ కేసులో 1989లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ మాట తేల్చింది. మెమో చేతికొచ్చిన వారంలో వకీలు దగ్గరికి వెళ్లాల్సిన మనిషి దాన్ని బీరువాలో పెట్టి అర్జీలు రాస్తూ కూర్చున్నారు. ఆఫీసులో ఎదుటివాళ్ల ఫైలు మీద ‘గడువు దాటింది’ అని నోట్ పెట్టే ఉద్యోగికి ఇది తెలియదంటే ఏ కోర్టూ ఒప్పుకోదు.

అయినా దారి ఉంది. హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ పిటిషన్ వేసి ఆ మెమోనే సవాలు చేయండి. ఉద్యోగుల సర్వీసు వివాదాలు విచారించే పరిపాలనా ట్రైబ్యునళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు లేవు కాబట్టి నేరుగా అక్కడికే వెళ్లాలి. మీ బలం ప్రభుత్వోద్యోగుల సర్వీసు నిబంధనల్లోని ఎఫ్.ఆర్. (ఫండమెంటల్ రూల్) 54-బి. సస్పెండ్ అయిన ఉద్యోగిని తిరిగి తీసుకునేటప్పుడు ఆ కాలానికి జీతం ఎంత, దాన్ని డ్యూటీగా లెక్కిస్తారా లేదా అని అధికారి స్పష్టంగా ఉత్తర్వు ఇవ్వాలి. సస్పెన్షన్ పూర్తిగా అన్యాయమని తేలితే పూర్తి జీతం ఇవ్వాలి. ఆరోపణ రుజువు కానంత మాత్రాన ఇది దానంతటదే రాదు. విచారణాధికారి నివేదికలో ఏ మాట వాడారో అదే కీలకం. ‘ఫైలు ఇతని వద్ద ఉన్నట్టు ఏ ఆధారమూ లేదు’ అని రాస్తే ఒక లెక్క, ‘అనుమానం ఉన్నా రుజువు చాలలేదు’ అని రాస్తే ఇంకో లెక్క. ఆ నివేదిక మీరు నాకు పంపనే లేదు! మెమోలో దాని ప్రస్తావన కూడా లేదు. కారణం చెప్పని ఉత్తర్వు నిలవడం కష్టం. ఇప్పుడు కౌంటరులో, అంటే మీ పిటిషన్‌కు ప్రభుత్వం వేసే జవాబులో, కొత్త కారణాలు అతికిస్తామంటే కుదరదని 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులోనే సుప్రీంకోర్టు అంది.

రిట్‌కు ఇన్నాళ్లలో వేయాలన్న గడువు లేదు గానీ, ఆలస్యానికి సంజాయిషీ ఇచ్చుకోవాలి. మీ భార్య అనారోగ్యం అక్కడ పనికొస్తుంది, అదీ ఆసుపత్రి కాగితాలు ఉన్న నెలలకు మాత్రమే. ఏడు నెలల జీతం బకాయి ఒక్కసారి తగిలిన నష్టం కాబట్టి, ఆలస్యం దెబ్బ దానికే ఎక్కువ. కానీ ఆ ఏడు నెలలు లెక్కలోకి రాక మీ ఇంక్రిమెంటు వెనక్కి జరిగి ఉంటే, ప్రతి నెలా జీతం తగ్గుతూనే ఉన్నట్టు. అది కొనసాగుతున్న నష్టం. 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం ఆలస్యమైనా దానికి ఉపశమనం అడగొచ్చు, బకాయిలు మాత్రం మామూలుగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం. అంటే మీరు ఆగే ప్రతి నెలా ఒక పాత నెల రాలిపోతుంది.

కాబట్టి ముందు మీ సర్వీసు రిజిస్టరు తెరిపించి సస్పెన్షన్ కాలం ఎంట్రీ, ఆ తర్వాతి ఇంక్రిమెంటు తేదీ చూసి నకలు తీసుకోండి. విచారణ నివేదికకు, మెమో పుట్టిన నోట్ ఫైలుకు 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆ నివేదికను ఎవరైనా చదివారా లేదా అన్నది నోట్ ఫైలులోనే తెలుస్తుంది. జవాబుకు 30 రోజులు పడుతుంది. ఈలోగా పిటిషన్ తయారు చేయించండి. అందులో మెమో 14-11-2023న అందిందని ఉన్నదున్నట్టు రాయండి. ఆరో అర్జీ మాత్రం పెట్టకండి.