కులం పేరుతో తిట్టిన కామెంట్‌పై కేసు నిలవాలంటే ముందు రిపోర్ట్ బటన్ జోలికి పోకండి

అడిగింది ఇదీ: "ఫేస్‌బుక్‌లో ఒకడు మావాళ్లను కులం పేరుతో తిట్టాడు. కేసు పెడితే నిలుస్తుందా, లేక అందరం రిపోర్ట్ కొట్టి అకౌంట్ లేపేయిస్తే సరిపోతుందా?"

మీరు ఎస్సీలో ఎస్టీలో అయితే, కింద చెప్పినట్టు చేస్తే కేసు నిలుస్తుంది. కాకపోతే రెండోది ముందు చేస్తే మొదటిది చేజారుతుంది. రిపోర్టులు చూసి కంపెనీ కామెంట్ తీసేస్తే, దానితోపాటే సాక్ష్యమూ పోతుంది. వాడు సాయంత్రానికల్లా ఇంకో పేరుతో దిగుతాడు. తీసేసిన సమాచారాన్ని 180 రోజులు దాచి ఉంచాలని 2021 ఐటీ రూల్స్ కంపెనీలకు చెప్పిన మాట నిజమే. కానీ దాన్ని రప్పించాల్సింది పోలీసులు. వాళ్ల చేతికి సరైన లింక్ ఇవ్వకపోతే అడిగేదేముంది?

అందుకే మొదటి గంట ఆధారాలకే. కామెంట్ టైమ్ మీద నొక్కితే ఆ ఒక్క కామెంట్‌కే లింక్ వస్తుంది, అది రాసుకోండి. ప్రొఫైల్ లింక్ విడిగా రాసుకోండి, ఎందుకంటే పైన కనిపించే పేరును వాడు మార్చేయగలడు. తర్వాత స్క్రీన్ రికార్డింగ్ పెట్టి ప్రొఫైల్ నుంచి పోస్ట్‌కి, అక్కడి నుంచి కామెంట్‌కి ఆపకుండా వెళ్లండి. పోస్ట్ పక్కన అందరికీ కనిపిస్తుందని చెప్పే భూగోళం గుర్తు అందులో పడాలి. దాని అవసరం కింద చెబుతాను.

ఎక్కువ కేసులు చెడేది ఇక్కడే. స్క్రీన్‌షాట్ మీద ఎర్ర గీతతో సున్నా చుట్టి, కత్తిరించి, వాట్సాప్‌లో పది గ్రూపులకు పంపి, అక్కడి నుంచి దించుకున్న కాపీని స్టేషన్‌లో ఇస్తారు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఫైల్ కుదించుకుపోతుంది, దాని హ్యాష్ విలువ, అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటి కోడ్, మారిపోతుంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ విలువ రాయాలి. అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్‌లో వేయండి. తీసిన ఫోన్ మార్చకండి, అమ్మకండి. ఆ కామెంట్‌ను తమ ఫోన్లలో చూసినవాళ్లు ఇద్దరు సాక్షులుగా ఉంటే ఇంకా గట్టి.

ఇక దరఖాస్తు. "మా మనోభావాలు దెబ్బతిన్నాయి" అని మూడు పేజీలు రాయకండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో సెక్షన్ 3(1)(ఆర్) అవమానానికి, (ఎస్) కులం పేరుతో దూషణకు. రెండింటికీ అది "నలుగురికీ కనిపించే చోట" జరిగి ఉండాలి. భూగోళం గుర్తు అందుకే. ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్న వీడియోకు ఇది వర్తిస్తుందని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. నేరుగా ఇన్‌బాక్స్‌లో తిడితే మాత్రం ఈ రెండు సెక్షన్లు కష్టం. ఒక మనిషిని కాక మొత్తం ఎస్సీలనో ఎస్టీలనో ద్వేషించేలా రాస్తే (యు) ఉంది. అంబేడ్కర్ లాంటి, ఈ వర్గాలు ఎంతో గౌరవించే కన్నుమూసిన పెద్దలను కించపరిస్తే (వి) ఉంది. ఈ రెండింటినీ రాయడం జనం తరచూ మరిచిపోతారు.

వాడు వాడిన మాటను ఉన్నదున్నట్టు, అక్షరం మార్చకుండా, చుక్కలు పెట్టకుండా రాయండి. మర్యాదకు పోయి "రాయలేని మాటలు" అన్నారా, కేసు అక్కడే సగం చచ్చింది. తిట్టు పడినవారు ఎస్సీ అయినంత మాత్రాన చాలదు, అది కులాన్ని పట్టుకునే తిట్టు అయి ఉండాలని సుప్రీంకోర్టు 2024లో స్పష్టం చేసింది. బాధితుల కుల ధ్రువపత్రం జత చేయండి. నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాని వాడై ఉండాలి.

అన్నట్టు, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలకు పెట్టే ఐటీ చట్టం 66ఏను ఇప్పటికీ దరఖాస్తుల్లో రాసే టైపిస్టులున్నారు. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది. 1930కి ఫోన్ చేయమనేవాళ్లు ఇంకో రకం. అది డబ్బు మోసాల నంబరు. దాడులు, దూషణల మీద ఎస్సీ, ఎస్టీలకు ఉన్న హెల్ప్‌లైన్ 14566.

స్టేషన్‌లో వినబడే మాటలు మూడే. "సైబర్ వాళ్ల దగ్గరికి వెళ్లండి" అంటారు. తమ పరిధి కాకపోయినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ తీసుకోవాల్సిందే, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. "ముందు విచారణ చేసి చెబుతాం, 14 రోజులు పడుతుంది" అంటారు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్‌లో 173(3) చూపించి ఇలా అంటారు గానీ, ఎస్సీ, ఎస్టీ చట్టం కింద ఎఫ్ఐఆర్‌కు ముందస్తు విచారణ అక్కర్లేదని 2018లో చేర్చిన 18ఏ చెబుతోంది. ఆ సెక్షన్ నంబరు దరఖాస్తులోనే రాసేయండి. మూడోది "కూర్చుని మాట్లాడుకోండి". రాజీ కాగితం మీద సంతకం పెట్టకండి, ఇది స్టేషన్‌లో రాజీతో తీరే నేరం కాదు. తీసుకోకపోతే అదే దరఖాస్తు స్పీడ్ పోస్టులో ఎస్పీకి. అక్కడా కదలకపోతే రసీదుతో సహా కోర్టుకు. ఎఫ్ఐఆర్ అయ్యాక దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి, గడువు 60 రోజులు.

ఇప్పుడు జనం ఒత్తిడి సంగతి. నా మట్టుకు అది తిట్టినవాడి మీద పెట్టేది కాదు, పని చేయాల్సినవాడి మీద పెట్టేది. వాడి ఇంటి అడ్రసు, చెల్లెలి ఫొటో పోస్ట్ చేస్తే మీ మీద కౌంటర్ కేసు ఖాయం. తిరిగి కులం పేరుతో తిట్టినా అంతే, వర్గాల మధ్య ద్వేషం రేపితే శిక్షించే భారతీయ న్యాయ సంహిత 196 రెండు వైపులా కోస్తుంది. గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టులో దళితులను ఊచకోత కోశాక బాధితులు పట్టుబట్టింది ఒకే దానికి: విచారణ మా ఊళ్లోనే జరగాలి. ప్రత్యేక కోర్టును ఊళ్లోకే రప్పించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు దాన్ని కొట్టేసింది, అది వేరే గోడు. ఆ పట్టు మాత్రం చూడండి, ఏం కావాలో ఎవరిని అడగాలో తెలిసిన పట్టు.

హ్యాష్‌ట్యాగ్‌కు పదివేల మంది దొరుకుతారు, కలెక్టరేట్‌కు నలుగురు రారు. ఎస్సీ, ఎస్టీ చట్టం అమలును చూసే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీకి అధ్యక్షుడు కలెక్టరే, మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. మీ ఎఫ్ఐఆర్ నంబరుతో సంఘం లెటర్‌హెడ్ మీద ఒక్క పేజీ ఇచ్చి, ఎజెండాలో పెట్టమని అడగండి. పరిహారం సంగతీ అందులోనే రాయండి: (ఆర్), (ఎస్) కింద లక్ష రూపాయలు. ఎఫ్ఐఆర్ దశలో 25 శాతం, చార్జిషీటు వేశాక 50, శిక్ష పడ్డాక మిగతా 25. మొదటి విడత వచ్చిందా అని ఫలానా తేదీన మళ్లీ వస్తామని కింద రాయండి. రాసిన తేదీన వెళ్లండి.

ఇదంతా అయ్యాక కావాలంటే రిపోర్ట్ కొట్టుకోండి.