అండమాన్‌లో టెంట్ వేయబోయే అల్లుడికి

బారువ, శ్రీకాకుళం జిల్లా

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

జనవరిలో మీరు నలుగురూ అండమాన్ వెళ్తున్నారనీ, గదులు తీసుకోకుండా ఒడ్డు మీదే టెంట్లలో ఉందామనుకుంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. వద్దని రాయమంది. నేను వద్దనను, వెళ్ళండి. ఒక్కటే, "సముద్రం పక్కన పుట్టినోళ్ళం, మనకి తెలీందేముంది" అనే మాట ఇంట్లోనే వదిలేసి వెళ్ళు. మన ఒడ్డున ఇసుక, సరుగుడు తోట, దాని వెనక ఊరు. కేకేస్తే పలికే మనిషి ఉంటాడు. అక్కడ చాలాచోట్ల అడవి నేరుగా నీళ్ళ దాకా వచ్చేస్తుంది. ఉప్పుటేళ్ళలో మొసళ్ళుంటాయి. పెద్ద ఆస్పత్రికి పోవాలంటే బోటు కావాలి. ఆ బోటు రాత్రిపూట దొరకదు. కాబట్టి మన ఒడ్డున చెల్లిపోయే చిన్న తప్పు అక్కడ పెద్దదవుతుంది.

అనుమతి సంగతి ముందు చూసుకో. ఎక్కడ పడితే అక్కడ టెంట్ వేయనివ్వరు. ఏ దీవికి వెళ్తున్నారో అక్కడి అటవీ శాఖ ఆఫీసులో అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. పోలీసు ఠాణాలో కూడా పేర్లు ఇచ్చి, ఎన్ని రాత్రులు ఉంటారో చెప్పండి. మీరు కనిపించకపోతే వెతకడం అక్కడి నుంచే మొదలవుతుంది. మనుషుల్లేని దీవికి తీసుకెళ్తానని ఏ బోటువాడైనా ఆశపెడితే ఎక్కొద్దు. జారవాలు, సెంటినలీయులు అనే ఆదిమ తెగలవాళ్ళు ఉండే ప్రాంతాల్లోకి పోవడం చట్టం ప్రకారం నేరం, వాళ్ళ ప్రాణాలకూ మీ ప్రాణాలకూ ముప్పు.

ఇక చోటు. ఈ ఉత్తరంలో ఇంకేం చదివినా చదవకపోయినా ఇది మాత్రం రెండుసార్లు చదువు.

జనవరిలో అక్కడ అయిదుంబావుకి అటూ ఇటూగా పొద్దు గుంకుతుంది, మనకంటే ఓ ఇరవై నిమిషాలు ముందే. చెట్ల కిందైతే ఇంకా ముందే మసక కమ్ముతుంది. అందుకని మధ్యాహ్నం మూడింటికల్లా చోటు చూసుకోవాలి. చీకట్లో వేసిన టెంట్ పక్కన ఏముందో తెల్లారితే గానీ తెలీదు.

పోటుకీ పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. మీరు మూడింటికి దిగేసరికి నీరు బాగా వెనక్కి వెళ్ళి ఉందనుకో, ఇసుక చదునుగా, గట్టిగా, ఎంతో బాగుంటుంది. ఆరు గంటలు గడిచేసరికి, అంటే మీరు నిద్రలోకి జారుకునే వేళకి, అదే చోటికి నీరొస్తుంది. టెంట్లు మునిగేది సాధారణంగా ఇలాగే. ఒడ్డున నాచు, ఎండుటాకులు, పుల్లలు, ప్లాస్టిక్ సీసాలు గీత గీసినట్టు పడి ఉంటాయి చూడు, అది పోటు ఆగిన గుర్తు. ఒకటి కాదు, రెండు మూడు గీతలుంటాయి. తడిగా కనిపించేది కిందటి పోటుది. అన్నిటికన్నా పైన, ఎండిపోయి, ఇసుకలో సగం కూరుకుపోయి ఉండేది అమావాస్య, పున్నమిల నాటి పెద్ద పోటుది. లెక్కలోకి ఆ పై గీతే తీసుకో. అక్కడ పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం తేడా రెండు మీటర్లకి దగ్గరగా ఉంటుంది. ఆ గీత దాటి ఇంకో యాభై మీటర్లు లోపలికి నడిచాక, నేల ఎత్తుగా ఉన్నచోట వేయండి. పోటు వేళలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ళ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. సిగ్నల్ ఉన్నప్పుడే మీరుండే రోజులవీ కాగితం మీద రాసుకోండి. రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయని గుర్తుంటే చాలు.

తలెత్తి కూడా చూడాలి. కొబ్బరిచెట్టు కింద పడుకోవడం ఎంత ప్రమాదమో ఉద్దానం పిల్లలకి నేను చెప్పక్కర్లేదు. అక్కడి పెద్ద చెట్లకి ఎండు కొమ్మలు వేలాడుతుంటాయి, గాలి లేకపోయినా విరుగుతాయి. వాన నీరు పారిన చాళ్ళు కనిపిస్తే ఆ దారిలో వేయొద్దు.

ఇసుకలో టెంట్ నిలబెట్టడం గురించి. టెంట్‌తో వచ్చే జానెడు మేకులు పొడి ఇసుకలో నిలవవు. ఇసుక రేణువులు మేకుని పట్టుకోవు, గాలి నాలుగుసార్లు ఊపితే జారి బయటికొస్తాయి. దానికి మనవాళ్ళ పద్ధతే మేలు. ఒక్కో టెంట్‌కి ఎనిమిది ఖాళీ బియ్యం సంచులు, పది కిలోలవి, మడిచి పట్టుకెళ్ళు. బరువుండవు. ఒక్కోదాన్నీ ముప్పాతిక వంతు ఇసుకతో నింపి మూతి కట్టు. తాడు మూతికి కట్టకు, సంచి నడుముకి చుట్టి కట్టు. టెంట్ తాడు ఎటు లాగుతుందో దానికి అడ్డంగా, మోకాలి లోతు గొయ్యి తీసి, సంచిని పడుకోబెట్టి, ఇసుక కప్పి, కాళ్ళతో తొక్కి, పైన రెండు చెంబుల నీళ్ళు పొయ్యి. తడి ఇసుక బిగుస్తుంది. తాడు నేలకి వాలుగా పోవాలి. నిటారుగా ఉంటే గాలి పైకి లేపినప్పుడల్లా సంచిని కూడా పైకి పెకలిస్తుంది. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, కాబట్టి పడుకునే ముందు ఒకసారి, మంచు పడ్డాక ఇంకోసారి బిగించాలి. తాళ్ళకి తెల్ల గుడ్డపీలికలు కట్టండి. రాత్రి లేచి తాడు తగిలి పడి చెయ్యి విరగ్గొట్టుకునేవాళ్ళు తక్కువేం కాదు. కింద పరిచే పట్టా టెంట్ అడుగు కంటే అన్ని వైపులా నాలుగు వేళ్ళు చిన్నదిగా ఉండాలి. బయటికి వస్తే పైనుంచి కారిన వాన అందులో నిలిచి మీ కిందకే చేరుతుంది.

మొసలి గురించి మీ స్నేహితులు నవ్వుతారేమో, నవ్వనివ్వు. 2010లో హేవ్‌లాక్‌లో, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, రాధానగర్ దగ్గర నీటిలో ఈదుతున్న అమెరికా అమ్మాయిని ఉప్పునీటి మొసలి చంపేసింది. అంత పేరున్న ఒడ్డున. ఆ మొసలి ఏటిలో ఉంటుంది, సముద్రంలోనూ ఈదుతుంది. మడ చెట్లు, ఏరు సముద్రంలో కలిసే మొగ కనబడితే ఆ దరిదాపుల్లో టెంట్ వద్దు, స్నానం వద్దు. టెంట్ ఎక్కడ వేసినా నీటి అంచుకి కనీసం యాభై మీటర్ల దూరం ఉంచండి. చేపలు కడిగిన నీళ్ళు, అన్నం గిన్నెలు ఒడ్డున కడగొద్దు. రోజూ అదే వేళకి అదే చోట నీళ్ళలోకి దిగొద్దు. మొసలి రోజుల తరబడి చూసి అలవాటు కనిపెడుతుంది. తెల్లారుజామున, పొద్దు గుంకాక నీళ్ళ జోలికి పోవద్దు. హెచ్చరిక బోర్డు ఉంటే దాన్ని పట్టించుకో. బోర్డు లేదంటే మొసలి లేదని కాదు.

మొసలి కంటే మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది ఇసుక ఈగ. దోమ కంటే చిన్నది, మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది. టెంట్ కొనేటప్పుడే జాలీ సన్నదా కాదా చూడు. కుట్టినప్పుడు తెలీదు, మర్నాటికి దద్దుర్లు లేస్తాయి. గోకితే పుండవుతుంది, ఆ తేమకి చీము పడుతుంది. పొద్దున, సాయంత్రం పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకోండి. వట్టి ఇసుక మీద పడుకోకండి. ముందు ఎండ క్రీము రాసి, ఓ పావుగంట ఆగి, దాని మీద దోమల మందు రాయాలి. టెంట్ జిప్ ఒక్క నిమిషం కూడా తెరిచి ఉంచొద్దు. బూట్లు వేసుకునే ముందు దులపాలి, అక్కడి జెర్రులు మన జెర్రుల్లా ఉండవు, జానెడుంటాయి. కరిస్తే ఆ చోటుని ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ఉంచితే నొప్పి తగ్గుతుంది. నీటి అడుగున రాయిలా కనిపించే రాయిచేప ముల్లు గుచ్చుకున్నా అదే వైద్యం, తర్వాత ఆస్పత్రికి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏదీ చేయొద్దు. ఆ అవయవం కదలకుండా కర్ర కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్ళండి. శంకువులాంటి అందమైన గవ్వ కనబడితే చేత్తో తీయకు, లోపల ప్రాణి ఉంటే కుడుతుంది, దాని విషం మనిషిని చంపగలదు. అండమాన్‌లో గవ్వలు, పగడాలు ఏరి తేవడం నేరం కూడా.

మంచినీళ్ళు మనిషికి రోజుకి నాలుగు లీటర్లు, వంటకి ఒకటి అదనం. వాగు నీరైతే బాగా తెర్లనిచ్చి కాచుకోండి. గ్యాస్ డబ్బా విమానంలో ఎక్కనివ్వరు. పవర్ బ్యాంక్ చేతి సంచిలో పెట్టుకోవాలి, కింద వేసే సామానులో కాదు. అటుకులు, పలాస జీడిపప్పు, బెల్లం, నూగుండలు చాలు. ఎండుచేపలు మాత్రం వద్దు, వాసనకి ఎలకలు వస్తాయి. అక్కడ ఎలక జ్వరం, అంటే ఎలకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్, ఉంది. కాలికి గాయం ఉన్నవాళ్ళు నిలవ నీటిలో దిగొద్దు. వానొచ్చినా టెంట్ లోపల స్టవ్ వెలిగించకండి. విషపు గాలి వాసన తెలీకుండానే నిద్రలో చంపుతుంది.

మందుల సంచిలో ఓఆర్‌ఎస్ పది పొట్లాలు, పారాసిటమాల్, సిట్రిజిన్, బీటడిన్, పది సెంటీమీటర్ల క్రేప్ బ్యాండేజీలు రెండు, చిన్న చిమటా, అర లీటరు వెనిగర్. జెల్లీ చేప తగిలితే మంచినీళ్ళతో కడగొద్దు, రుద్దొద్దు. వెనిగర్ పొయ్యాలి, అది లేకపోతే సముద్రపు నీరు. మలేరియా మాత్రల విషయం బయల్దేరే ముందే డాక్టర్ని అడిగి తెలుసుకో.

జనవరిలో వాతావరణం సాధారణంగా బాగుంటుంది. అయినా 2019 జనవరి మొదటివారంలో పబుక్ తుఫాను అండమాన్ సముద్రంలోకి వచ్చింది. 2014లో మనల్ని ముంచిన హుద్‌హుద్ కూడా అక్టోబరు 8న లాంగ్ ఐలండ్ దగ్గర అండమాన్ దాటాకే 12న విశాఖ చేరింది. తుఫాను హెచ్చరిక రాగానే ఓడలు, బోట్లు ఆపేస్తారు. కాబట్టి రెండు రోజుల తిండి, మందులు, నగదు అదనంగా ఉంచుకోండి. తిరుగు టికెట్ ఉన్న రోజునే దీవి నుంచి బయల్దేరకండి, ఒక రోజు ముందే పోర్ట్ బ్లెయిర్ చేరండి. ఆ ఊరినిప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు. ఉరుము వినబడితే టెంట్ వదిలి పక్కా భవనంలోకి పోండి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే తిరిగి రండి.

2004 డిసెంబరు 26 సునామీ నీ చిన్నప్పటి సంగతి, గుర్తుండదు. భూమి ఇరవై సెకన్లు దాటి ఊగినా, సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోయినా, ఫోన్‌లో హెచ్చరిక కోసం చూడకండి. సామాను వదిలేసి ఎత్తుకి పరుగెత్తండి. టెంట్ వేసిన రోజే ఎత్తైన చోటికి దారి ఎటో నలుగురూ ఒకసారి నడిచి చూసుకోండి. మొదటి అల పోయాక వెనక్కి రావద్దు, గంటల తరబడి ఇంకా వస్తూనే ఉంటాయి. అత్యవసరానికి 112, సముద్రంలో అయితే కోస్ట్‌గార్డ్ 1554.

వెళ్ళే ముందు ఒక శనివారం బారువ వచ్చి రాత్రి టెంట్ వేసి చూడండి. కళింగపట్నం అయితే వంశధార మొగకి దూరంగా. ఎనిమిది సంచులూ పాతి, తాళ్ళు బిగించడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసుకో. గంట దాటితే అక్కడ మూడింటికి కాదు, రెండింటికే మొదలెట్టాలి.

తిరిగొచ్చాక నెల రోజుల్లోపు జ్వరం వస్తే, మామూలు జ్వరమే అనుకోకుండా డాక్టరుకి అండమాన్ వెళ్ళొచ్చామని చెప్పి, మలేరియాకీ ఎలక జ్వరానికీ రక్తపరీక్ష చేయించుకోండి. ఈ మాట మిగతా ముగ్గురికీ కూడా చెప్పు.

మీ మావయ్య