కెపాసిటర్ల జోలికి ఇప్పుడే వెళ్లకు

పెదవాల్తేరు,
విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్నగారు ఓడలో పనిచేసే రోజుల్లో జపానులో కొన్న స్టీరియో యాంప్లిఫయర్‌ను అటక మీద నుంచి దించావనీ, ఎడమ స్పీకరు ఉండుండి మూగబోతోందనీ, లోపల విద్యుత్తును నిలవచేసే కెపాసిటర్లన్నీ మార్చడానికి పూనుకున్నావనీ అక్కయ్య చెప్పింది. ఆ పని ఇప్పుడే చేయకు. మన ఊరి ఉప్పుగాలికి ముందుగా చెడేవి స్విచ్చులు, వాల్యూమ్ కంట్రోలు, స్పీకర్ రిలేలు, అంటే స్పీకర్లను కలిపే, విడదీసే విద్యుత్ స్విచ్చుల్లోని కాంటాక్టులు. వాల్యూమ్ పెంచగానే పలికి, తగ్గించగానే ఆగిపోతుంటే అనుమానం ముందు రిలే మీదికే పోవాలి. నేనొకప్పుడు ఇలాంటి సెట్టుకే రెండు వారాలు కూర్చుని కెపాసిటర్లన్నీ మార్చాక, దోషం రిలేలో నల్లబడిన కాంటాక్టుదని తేలి, మీ అత్తయ్య ముందు తలెత్తుకోలేకపోయాను.

ప్లగ్గు తీసి, కరెంటును నిలకడ చేసే పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో నిలిచిన విద్యుత్తును 1,000 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టరుతో దించి, ఒక వోల్టు కూడా మిగలలేదని మీటరుతో చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టు. కంట్రోళ్లలోకి కాంటాక్ట్ క్లీనరు కొద్దిగా కొట్టి, ఒక్కొక్కదాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు ముప్పై సార్లు తిప్పి, పూర్తిగా ఆరనివ్వు. తుప్పు వదిలించే నూనె మాత్రం వాడవద్దు. అది జిడ్డుగా మిగిలి దుమ్ము పట్టిస్తుంది.

గుర్రుమనే శబ్దం కూడా ఉంటే, ఆదివారం నేను వచ్చి కరెంటిచ్చాక జాగ్రత్తగా విను. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా అది తగ్గకుండా, మన కరెంటు లయ అయిన 50 హెర్ట్‌జ్ కన్నా పై స్థాయిలో, అంటే 100 హెర్ట్‌జ్ దగ్గర వినిపిస్తే, అప్పుడు ఫిల్టర్ కెపాసిటర్లను అనుమానించవచ్చు. వాటిని మార్చవలసి వస్తే మైక్రోఫారడ్లు పాతవాటికి సమానంగా, వోల్టేజి సమానంగా గాని ఎక్కువగా గాని, వేడి ఓర్పు 105 డిగ్రీలుగా ఉన్నవి తీసుకో; ప్లస్, మైనస్ గుర్తులు తారుమారు కానివ్వకు.

తరువాత స్పీకర్లు కలపకుండా, 100 వాట్ల ఫిలమెంటు బల్బును సిరీస్‌లో, అంటే సెట్టుకు వెళ్లే కరెంటు దారిలోనే పెట్టి కరెంటివ్వాలి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే. కాంతి తగ్గకపోతే ఎక్కడో షార్టు ఉన్నట్టు. స్పీకరు టెర్మినళ్ల వద్ద డీసీ, అంటే ఒకే దిశలో నిలిచే వోల్టేజి, 50 మిల్లీవోల్టులు దాటకూడదు. దాటితే స్పీకరు కాయిలుకే ముప్పు. బయస్, అంటే ట్రాన్సిస్టర్లలో ఎప్పుడూ పారే కొద్దిపాటి కరెంటును సరిచేసే సంగతి నేను వచ్చాక చూద్దాం.

అది 100 వోల్టుల సెట్టు కనుక వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా మన 230 వోల్టులకు కలపవద్దు. ఆదివారం నా సిరీస్ బల్బు పెట్టె తీసుకొస్తాను. అందాకా శుభ్రం చేయడం వరకే పెట్టుకో, ప్లగ్గు పెట్టకు.

నీ మామయ్య