పదేళ్ల పిల్లాడిని ఒక్క ఆటకే కట్టేయాలా? మా డ్రిల్ సార్ సంగతి చెప్తాను

మీ బాబుకి పదేళ్లని, ఫుట్‌బాల్ బాగా ఆడుతున్నాడని, కబడ్డీ, పరుగు మాన్పించి పూర్తిగా దీన్లోనే పెట్టమని కోచింగ్ వాళ్లు అంటున్నారని రాశారు. మాన్పించకండి. నాకు ఫుట్‌బాల్ నేర్పినాయన్ని చూశాక ఇంకో మాట చెప్పలేను.

నేను 1986 నుంచి 91 దాకా సికింద్రాబాద్‌లో చదువుకున్నాను. మా డ్రిల్ సార్ కుర్రతనంలో ట్రిపుల్ జంప్ చేసేవారు, చెడుగుడు ఆడేవారు, హాకీ, వాలీబాల్ కూడా. అప్పట్లో ఏ జట్టులో మనిషి తక్కువైతే అందులోకి వెళ్లి నిలబడేవారట. అవన్నీ మాకు ఫుట్‌బాల్‌లో పనికొచ్చాయి. కార్నర్ కిక్‌కి తల అందించడం నేర్పేటప్పుడు గోల్ ముందు మూడు చోట్ల చిటికెడు సున్నం వేసేవారు, చివరి మూడు అడుగులు సరిగ్గా వాటి మీద పడాలి, మూడోది కాస్త పొట్టిగా, అక్కడి నుంచి లేవాలి. అది జంప్ పిట్ దగ్గర నేర్చుకున్న లెక్క. బంతి లాక్కోబోయి ముందుకు దూకితే ఈల వేసి ఆపేసేవారు. "కూతకొచ్చినవాడి మీదికి అట్లనే దూకుతావా? కాళ్లతో ఎన్ని వేషాలైనా వేస్తాడు, నడుం ఎటు తిరిగితే అటే పోతాడు, నడుం చూడు" అనేవారు. నేను డిఫెండర్‌ని, ఆ ఒక్క మాట మీదే కాలేజీ దాకా ఆడాను.

సార్ చిన్నప్పుడు ఫతే మైదాన్‌లో గోల్ వెనక నిలబడి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ప్రాక్టీస్ చూసేవారు. 1950 నుంచి 54 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు అది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కూడా స్కూల్ టీచరే, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. ఆయన కోచింగ్‌లోనే ఇండియా 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తాలో 1962 ఫైనల్ నాటికి రహీం సాబ్‌కి క్యాన్సర్, తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా ఆడిస్తే అతనూ గోల్ కొట్టాడు, దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. తొమ్మిది నెలలకే, 1963 జూన్‌లో, రహీం సాబ్ పోయారు. ఇది చెప్పిన ప్రతిసారీ సార్ గొంతు పూడుకుపోయేది.

రహీం సాబ్ కుర్రాళ్లకి అలవాటు లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు. మా సార్ దాన్ని తన పద్ధతిలో చేశారు. స్కూల్ బూట్లు కొనివ్వలేదు, పదహారు మందికి తొమ్మిది జతలే ఉండేవి. శనివారాలు ఇద్దరికి ఒక జత ఇచ్చేవారు, కుడికాలి వాటం ఉన్నవాడికి ఎడమ బూటు, ఎడమకాలి వాటం వాడికి కుడి బూటు. రెండో కాలు ఉత్తది, దాంతో తంతే బొటనవేలు అదిరిపోయేది. అట్లా రెండు నెలలకి నా ఎడమకాలు కుదిరింది. జత కుదరక మిగిలినవాళ్లతో ఆ రోజు చెడుగుడు ఆడించేవారు, అదీ ప్రాక్టీసే అనేవారు.

తొమ్మిదో తరగతికి వచ్చాక మాత్రం "ఇక ఏ ఆటో నువ్వే చెప్పు" అని నన్నే అడిగారు. మీ బాబుకి ఇంకా నాలుగేళ్లుంది. కోచింగ్ వాళ్లు వారానికి ఎన్ని రోజులు రమ్మంటున్నారో కనుక్కోండి, మూడు రోజులకి ఒప్పుకుంటే పంపండి, మిగతా రోజులు కబడ్డీకి వదిలేయండి. రోజూ రావాల్సిందేనంటే ఇంకో చోటు వెతకండి. నేను ఇప్పుడు ఆదివారాలు కాలనీ పిల్లలతో ఆడిస్తున్నాను, ఆ మూడు చిటికెల సున్నం ఇప్పటికీ వేస్తాను.