ముందు చేతులు లెక్కపెట్టు, తర్వాతే మంచాలు

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మీ పెద్దత్త ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. ఉభయకుశలోపరి.

మొన్న ఆదివారం మీ నాన్న ఫోన్ చేశాడు. నీవు హైదరాబాదులో పన్నెండేళ్లుగా చేస్తున్న నర్సు ఉద్యోగం మానేసి వచ్చావనీ, మధురవాడ దాటాక భీమిలి రోడ్డు వైపు రెండంతస్తుల ఇల్లు అద్దెకు తీసుకున్నావనీ, మంచాన పడిన వృద్ధులను అక్కడ ఉంచుకుని చూసుకుంటావనీ చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నేను కింగ్ జార్జి ఆసుపత్రిలో నర్సింగ్ శిక్షణకు చేరిన రోజున మా నాన్నగారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లవు, ఎవరూ బలవంతపెట్టకుండా, నెల జీతం వదులుకుని ముసలివాళ్ల ఒళ్లు తుడిచే పనికి పూనుకున్నావంటే నా జీవితం వృథా పోలేదనిపించింది. అయితే మీ నాన్న ఆ వెంటనే ముప్పై మంచాలనీ, పనికి ఎనిమిది మందిని మాట్లాడావనీ అన్నాడు. ఆ రెండు అంకెలూ విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఈ ఉత్తరం అందుకే వ్రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క మనిషినైనా చేర్చుకోవద్దు. వైద్యం కూడా అందించే పక్షంలో రాష్ట్రంలోని 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం నీకూ వర్తిస్తుంది. బోర్డు మీద నర్సింగ్ హోమ్ అని మాత్రం వ్రాయించకు. మన ఊళ్లో ఆ మాటకు ఆపరేషన్లు చేసే చిన్న ఆసుపత్రి అనే అర్థం. స్నానాల గదుల్లో గోడకు పట్టుకునే కడ్డీలు బిగించు. మెట్లు ఎక్కలేని వాళ్లను పై అంతస్తులో ఉంచవద్దు. కన్నవాళ్ల చేత సంతకాలు పెట్టించుకోవడానికి ఆస్తి కాగితాలు పట్టుకుని ఎవరైనా పడక దగ్గరకు వస్తే ఊరుకోకు; తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోనే వచ్చింది. వృద్ధుల సహాయవాణి 14567 నంబరును ప్రతి గదిలోనూ పెద్ద అక్షరాలతో వ్రాయించు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇప్పుడు, నేను ఇంతవరకు మీ నాన్నకు కూడా చెప్పని విషయం వ్రాస్తాను.

ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నేను కొన్నేళ్లు ఒక ప్రైవేటు వృద్ధుల సంరక్షణ గృహంలో ఇన్‌ఛార్జిగా పనిచేశాను. దాని పేరు ఇక్కడ అనవసరం. 2011 చలికాలంలో అక్కడ ఇరవై ఇద్దరు ఉండేవారు. వారిలో తొమ్మిది మంది తమంతట తాము పక్కకు తిరగలేరు. ఆ తొమ్మిది మందిలో ఒకరు రిటైరైన తెలుగు మాస్టారు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. ఏదైనా కావాలంటే ఎడమచేతి ఉంగరంతో మంచం కమ్మీ మీద టకటకమని కొట్టేవారు. ఆ చప్పుడు వినగానే ఆయనకు నీళ్లు కావాలో, కళ్లజోడు కావాలో మాకు తెలిసిపోయేది.

ఆ నెలలో ఇద్దరు ఆయాలు పని మానేశారు. యాజమాన్యం కొత్తవాళ్లను పెట్టలేదు. నేనూ గట్టిగా అడగలేదు. డ్యూటీ పట్టిక వ్రాసేది నేనే కనుక, ఉన్నవాళ్లనే అటూ ఇటూ సర్ది, రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా రెండు అంతస్తులకూ కలిపి ఒకే ఒక్క అమ్మాయిని వేశాను. పాడేరు వైపు నుంచి వచ్చిన పిల్ల, ఇరవై ఏళ్లు కూడా ఉండవు. రెండు గంటలకొకసారి పక్క మార్చిన గుర్తుగా ప్రతి మంచానికీ ఒక చార్టు కట్టించాను. ఆ చార్టులు చూసుకుని, అంతా సక్రమంగా జరుగుతోందని నిశ్చింతగా ఉన్నాను.

ఒకనాడు తెల్లవారుజామున నిద్ర పట్టక ఐదుంబావుకే వెళ్లాను. మాస్టారి చార్టు తీసి చూస్తే పది, పన్నెండు, రెండు, నాలుగు గంటల గడులన్నిట్లోనూ ఒకే నీలి సిరాతో, ఒకే వాలుతో టిక్కులు ఉన్నాయి. ఆరు గంటల గడిలో కూడా అప్పటికే టిక్కు పెట్టి ఉంది. దుప్పటి తీసి ఆయనను పక్కకు తిప్పాను. నడుము కింద, వెన్నెముక చివర, అరచేతి వెడల్పున చర్మం ఎర్రబడి ఉంది. బొటనవేలితో నొక్కి వదిలాను. మామూలుగా అయితే నొక్కిన చోట తెల్లబడి, మళ్లీ ఎరుపు రావాలి. అక్కడ తెల్లబడలేదు, అంటే ఒకే వైపు పడుకున్న ఒత్తిడికి పుండు పడుతోందన్న మాట. ఆ ఎరుపు నడుమ రూపాయి బిళ్లంత మేర పైచర్మం లేచిపోయి తడిగా ఉంది. మడమ కింద మరొకటి మొదలైంది.

ఆ ఉదయమే అందరి ముందూ ఆ అమ్మాయిని నానా మాటలూ అన్నాను. దొంగ లెక్కలు వ్రాస్తావా అన్నాను. అదే రోజు పనిలోంచి తీసేశాను. బ్యాగు సర్దుకుని వెళ్తూ గుమ్మంలో నిలబడి, "మాస్టారు ఉంగరంతో కొడుతూనే ఉన్నారు మేడమ్, నాకు వినబడుతూనే ఉంది, నేను పైన ఇంకొకరికి గుడ్డలు మారుస్తున్నాను" అంది. సాకు చెబుతోందనుకున్నాను.

రెండు రోజుల తర్వాత, ఆ స్థానంలో ఎవరూ దొరకక, నేనే రాత్రి డ్యూటీకి నిలబడ్డాను. అప్పటికి నాకు నలభై ఏళ్ల అనుభవం. కదలలేని మనిషిని ఒళ్లు ఈడ్చకుండా పక్కకు తిప్పి, తడిసిన గుడ్డ తీసి, తుడిచి, వీపు వెనుక దిండు పెట్టి, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద ఇంకో దిండు సర్దడానికి నాకే పది నిమిషాలు పట్టింది. తొమ్మిది మందికి తొంభై నిమిషాలు. రెండు గంటలలో మిగిలేది అరగంట. ఆ అరగంటలోనే మిగతా పదముగ్గురిలో బాత్రూముకు లేచేవాళ్లను పట్టుకుని నడిపించాలి, భయపడి పిలిచేవాళ్ల దగ్గర కూర్చోవాలి, మెట్లు ఎక్కి దిగాలి. రాత్రి రెండు దాటేసరికి నేనూ వెనకబడ్డాను. మూడు గంటలప్పుడు నేను పై అంతస్తులో ఉండగా కింద ఉంగరం చప్పుడు వినబడింది. వెంటనే దిగి వెళ్లలేకపోయాను.

తెల్లవారాక డ్యూటీ పట్టిక తీసి చూసుకున్నాను. నా చేతివ్రాతతోనే ఉంది. ఆ అమ్మాయికి వరుసగా పదకొండు రాత్రులు వేశాను. అందులో మూడు రోజులు పగలు కూడా సగం పూట నిలబెట్టాను. మనిషి చేయలేని పని పట్టికలో వ్రాసింది నేను, దాన్ని చేసినట్టు చార్టులో వ్రాసింది ఆమె. శిక్ష మాత్రం ఆమె ఒక్కతెకే పడింది. మాస్టారి పుండు లోపలికి దిగింది, మళ్లీ మానలేదు. నెలన్నర తర్వాత ఆయన పోయారు. ఆ అమ్మాయి కోసం తెలిసినవాళ్ల ద్వారా ఎంతో వాకబు చేశాను. జాడ దొరకలేదు. ఇప్పటికీ రాత్రి రెండింటికి నాకు మెలకువ వచ్చేస్తుంది. ఐదింటి దాకా నిద్ర పట్టదు.

ఇప్పుడు నీ అంకెలు చూద్దాం. నాతో శిక్షణ పొంది అమెరికా వెళ్లి స్థిరపడిన స్నేహితురాలు అక్కడి సంగతులు చెబుతూ ఉంటుంది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే వృద్ధుల గృహాల్లో ఒక్కొక్క మనిషికి రోజుకు సగటున కనీసం 3.48 గంటల సంరక్షణ అందాలనీ, అందులో కనీసం 0.55 గంట రిజిస్టర్డ్ నర్సుది, 2.45 గంటలు సహాయకులది ఉండాలనీ, రాత్రింబవళ్లు నర్సు ఉండి తీరాలనీ 2024లో అక్కడి కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అంతమంది దొరకరని, ఖర్చు భరించలేమని గృహాల యాజమాన్యాల సంఘాలు కోర్టుకు వెళ్లగా, 2025 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. కోర్టు కొట్టివేసినంత మాత్రాన ముసలివాళ్ల ఒంటికి కావలసిన గంటలు తగ్గవు కదా. కాబట్టి నీవు ఆ కొలతే పట్టుకో.

ముప్పై మందికి 3.48 చొప్పున రోజుకు నూట నాలుగు గంటలు దాటుతాయి. ఎనిమిది గంటల డ్యూటీలు రోజుకు పదమూడు కావాలి. వారానికొక సెలవు ఇస్తే పదహారు మంది, జ్వరాలకూ పండుగలకూ లెక్క వేసుకుంటే పద్దెనిమిది మంది ఉండాలి. నీ ఎనిమిది మంది వారానికి ఆరు రోజులు చొప్పున పనిచేస్తే ముప్పై మందిలో ఒక్కొక్కరికి రోజుకు రెండు గంటలు కూడా దక్కవు. అదే ఎనిమిది మందితో పద్నాలుగు మంచాల దాకా నిభాయించవచ్చు. పద్నాలుగుతోనే మొదలుపెట్టు తల్లీ. మిగతా గదులకు తాళం వేసి ఉంచు. అద్దె దండగ అని మీ ఆయన అంటాడేమో, ఈ ఉత్తరం ఆయన చేతికి ఇవ్వు. రాత్రిపూట మాత్రం ప్రతి అంతస్తుకూ ఇద్దరు ఉండాలి. దాని విషయంలో నేను నీతో బేరమాడను, నీవూ నాతో ఆడవద్దు.

మనుషులు తక్కువైన చోట ముందు పెరిగేది నిద్రమాత్ర. రాత్రి లేచి తిరుగుతున్నారని, అరుస్తున్నారని డాక్టరు చేత వ్రాయించి వేసేస్తారు. మాత్ర మత్తులో బాత్రూముకు లేచి పడతారు, తుంటి ఎముక విరుగుతుంది, మంచాన పడతారు, పుండు పడుతుంది. నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఈ రోజు హఠాత్తుగా పొంతన లేకుండా మాట్లాడితే చాదస్తం అనుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, కొత్త మందో కారణమై ఉంటుంది. ఆ తేడా కనిపెట్టేది రోజూ అదే మనిషికి అన్నం పెట్టే ఆయానే. అందుకే ఒక్కొక్క ఆయాకు ఎప్పుడూ అవే మంచాలు అప్పగించు.

అన్నం మాట వచ్చింది కనుక అదీ చెబుతాను. నిటారుగా కూర్చోబెట్టి, ఎదురుగా తానూ కూర్చుని, ముద్ద మింగారో లేదో చూసి మరో ముద్ద పెట్టమను. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకూడదు. నిలబడి గబగబా పెట్టే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. దీనికీ గంటలే కావాలి.

నీ దగ్గరకు పనికి వచ్చేవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, మన్యం నుంచి వచ్చే పిల్లలే అయి ఉంటారు. ఒకటో తారీఖున జీతం చేతిలో పెట్టు. రాత్రి డ్యూటీకి వచ్చేవాళ్లకు ఆటో ఖర్చు, వేడి భోజనం, పడుకోవడానికి తలుపు వేసుకునే గది ఇవ్వు. పది మంది అయిన నాడు ఈఎస్ఐ కట్టు. చార్టులో పని జరగలేదని నిజం వ్రాసిన వాళ్లను ఒక్క మాట అనవద్దు. ఖాళీ గడి కనబడితే ముందుగా డ్యూటీ పట్టిక తీసి చూసుకో.

మాస్టారు పోయాక నేను యాజమాన్యంతో పోట్లాడి రాత్రికి నలుగురిని పెట్టించాను, ఎవరికీ వరుసగా నాలుగు రాత్రులు మించి వేయలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ రోజు ఆదివారం. రోడ్లన్నీ చెట్లతో మూసుకుపోయాయి, గోపాలపట్నం నుంచి రావలసినవాళ్లు రాలేకపోయారు. రోజుల తరబడి కరెంటు లేదు. గాలి పరుపులన్నీ చదునుగా పడిపోయాయి, మోటారు లేక ట్యాంకులో నీళ్లు అయిపోయాయి. అంతకుముందు రాత్రి డ్యూటీలో ఉన్న నలుగురూ మూడు రోజులు ఇల్లు చూడకుండా అక్కడే ఉండిపోయి, ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని, టార్చి లైటు పెట్టుకుని పక్కలు మార్చారు. ఒక్కరికి కూడా కొత్తగా పుండు పడలేదు. ఉండమని నేను వాళ్లను అడగను కూడా లేదు. నీవు జనరేటరు కొను, నీళ్ల డ్రమ్ములు నింపి ఉంచు, కానీ తుఫాను రాత్రి నిలబడే మనుషులను మాత్రం ఇప్పటి నుంచే చూసుకోవాలి.

బంధువుల సంగతి ఒక్క మాట. స్టీల్ ప్లాంటులో, పోర్టులో, షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన వాళ్ల పిల్లలు విదేశాల నుంచి వచ్చి, ఏసీ ఉందా, గదిలో టీవీ ఉందా అని అడుగుతారు. రాత్రి ఎంతమంది ఉంటారని అడిగేవాళ్లు అరుదు. అడగకపోయినా నీవే చెప్పు, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ల పేర్లు వాకిట్లో పలక మీద వ్రాసి పెట్టు.

గట్టిగా మాట్లాడానని బాధపడకు. నీ చేతులు ఎలాంటివో నాకు తెలుసు. మీ నాయనమ్మ ఆఖరి నెలల్లో నీవు సెలవు పెట్టి వచ్చి, ఆవిడ తల దువ్వి జడ వేసేటప్పుడు చిక్కు తీసిన తీరు నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఒక్కసారైనా ఆవిడ అబ్బా అనలేదు.

వచ్చే గురువారం సాయంత్రం మీ ఇంటికి వస్తున్నాను. మొదటి నెల డ్యూటీ పట్టిక వ్రాసి సిద్ధంగా ఉంచు, ఇద్దరం కూర్చుని చూద్దాం. నీ ఎనిమిది మందినీ కూడా పిలిపించు. పక్క మార్చడం నేర్పడానికి మనిషి కావాలి కదా, మంచం మీద నేనే పడుకుంటాను. డెబ్బై నాలుగేళ్ల ఒళ్లు ఎంత బరువు ఉంటుందో, ఎక్కడ పట్టుకుంటే నొప్పి పుడుతుందో వాళ్లకు నేనే చెబుతాను.

ఇట్లు
మీ పెద్దత్త