విన్రీ మర్చిపోయిన స్క్రూ

ప్రశ్న: మా చెల్లికి 13 ఏళ్లు. కొత్తగా అనిమే (జపాన్ కార్టూన్ సీరియళ్లు) మీద పడింది. షోనెన్ జానర్‌లో ఆడపిల్లలు ఏడవడానికీ, హీరోని తిట్టడానికీ తప్ప దేనికీ ఉండరని నా స్నేహితులు అంటున్నారు. నిజమేనా? దానికి బదులు షోజో చూపించమంటారా?

జవాబు: మీ స్నేహితులు చూసింది నిజమే, కానీ నేరం మాత్రం జానర్ మీద మోపారు. ఈ మాట ఎక్కడ విన్నా నాకు ఊరుకోబుద్ధి కాదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అసలు షోనెన్ జానరే కాదు. మగపిల్లల కోసం నడిపే బొమ్మల కథల పత్రికలో వస్తే అది షోనెన్, ఆడపిల్లల పత్రికలో వస్తే షోజో. ఫైటింగ్ ఉందా, ప్రేమ ఉందా అన్నది వేరే సంగతి. వన్ పీస్ 1997లో, నరుటో 1999లో మొదలయ్యాయి. రెండూ వీక్లీ షోనెన్ జంప్‌లోనే వచ్చాయి. పత్రిక ఒకటే, పాఠకులు వాళ్లే, వారం వారం పేజీలు ఇవ్వాల్సిన టెన్షన్ కూడా ఒకటే. అయినా వన్ పీస్‌లోని నామి పేరెత్తితే జనం కళ్లు మెరుస్తాయి, నరుటోలోని సాకురా పేరెత్తితే మొహం పక్కకు తిప్పుకుంటారు. జానర్‌దే తప్పయితే ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

నా లెక్క ఒక్కటే. నామి చేతిలో పని ఉంది. ఆమె సముద్రపు పటాలు గీస్తుంది. మొత్తం ప్రపంచానికి పటం గీయాలన్నది ఆమె కోరిక. ఆర్లాంగ్ అనే సముద్రపు దొంగ ఆమెను చిన్నప్పటి నుంచి ఒక గదిలో కూర్చోబెట్టి పటాలే గీయించాడు. హీరో లూఫీ ఆ గదిలోకి వచ్చాక అతని కంటబడేది రక్తం మరకలున్న ఆమె కలం. ఆ తర్వాత ఆ గదిలో ఉన్నదంతా విరగ్గొట్టి బయట పారేస్తాడు. ఆమె బతుకు ఎలా గడిచిందో ఆ కలం ఒక్కటే చెప్పేసింది. ఆమెను ఏడిపించారా అంటే ఏడిపించారు. ఆ ఏడుపు బలహీనత అని మాత్రం ఎవరూ అనలేదు.

ఈ పని సంగతి నాకు ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలంటే మా షాపు గురించి చెప్పాలి.

మాది జనగామ దగ్గర. మా బాపుది మోటరు వైండింగ్ షాపు. ఇంటర్ అయిపోయినప్పటి నుంచి నేనూ అందులో కూర్చునేదాన్ని. ఎండాకాలం వచ్చిందంటే కాలిన మోటర్లు గుమ్మం దాకా వరసగా ఉండేవి. కాలిన కాయిళ్లు ఉలితో కోసి లాగడం, స్లాట్లు గీకి శుభ్రం చేయడం, వైరు ఇనుముకు తగలకుండా పేపరు కత్తిరించి మడిచి ఒక్కో స్లాట్‌లో పెట్టడం, దాని మీద రాగి వైరు దించడం, వెదురు పుల్ల తోసి స్లాట్ మూయడం. వింటే తేలిగ్గానే ఉంటుంది. వైరు మీద గోరు గీత పడ్డా మోటరు మళ్లీ మన దగ్గరికే వస్తుంది. సాయంత్రానికి వేలి చివర్లన్నీ వార్నిష్‌తో గట్టిపడి, అన్నం కలుపుకుంటే వేడి కూడా తెలిసేది కాదు.

ఒకరోజు ఐదు హెచ్‌పీ మోటరు కడుతున్నాను. 24 స్లాట్లు. చివరి వాటిల్లో ఒకదాంట్లో పేపరు అంచు చిరిగింది. చూశాను. వైరు సగం దిగిపోయింది, అదంతా బయటికి తీస్తే అరగంట పని. ఆ రోజు ఉదయం నుంచి అది మూడో మోటరు. వేలితో అంచు సర్ది మిగతా వైరు దించేశాను. అయ్యాక సిరీస్ బల్బు పెట్టి చూస్తే బల్బు వెలగలేదు, అంటే బాడీకి కరెంటు రావట్లేదు. సరిపోయింది అనుకున్నాను.

రెండు రోజులకు ఆ రైతు ట్రాలీ ఆటోలో మోటరు వేసుకుని మళ్లీ వచ్చాడు. "రెండు దినాలకే మల్ల కాలిపోయింది తమ్మీ. మక్క ఎండిపోతాంది" అన్నాడు. నేను లోపల వైరు చుడుతున్నాను. చుట్ల లెక్క తప్పింది. బాపు మోటరు విప్పి కాసేపు చూసి, "మాల్ తేడా ఉన్నట్టున్నది అన్నా. పైసలు వద్దు, రేపు పొద్దటికల్లా కట్టిస్త" అన్నాడు. నేను నోరు విప్పలేదు. ఆ రాత్రి బాపే కూర్చుని కట్టాడు. పక్కన కూర్చుని పేపరు కత్తిరించి ఇచ్చాను కానీ మాట మాత్రం రాలేదు.

ఇది జరిగిన మరుసటి ఏడాది మా తమ్ముడు ఫోన్‌లో ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ బ్రదర్‌హుడ్ పెట్టాడు. అందులో విన్రీ అనే అమ్మాయి ఆటోమెయిల్ మెకానిక్. చెయ్యీ కాలూ పోయినవాళ్లకు ఇనుముతో చేసి, నరాలకు కలిపి బిగిస్తుంది. హీరో ఎడ్ చెయ్యి ముక్కలైపోతే రాత్రీ పగలూ కూర్చుని మూడు రోజుల్లో కొత్తది చేసి ఇస్తుంది. తర్వాత ఒక కొట్లాటలో అదే చెయ్యి సమయానికి మొరాయిస్తుంది. ఎడ్ ఆసుపత్రిలో పడతాడు. విషయం ఏమిటంటే, ఆ హడావిడిలో విన్రీ ఒక స్క్రూ బిగించడం మర్చిపోయింది. మరమ్మతుకు వచ్చినప్పుడు ఆమె గుండె దడదడలాడుతుంటుంది. ఎడ్ ఏమో తనే చెయ్యిని ఇష్టమొచ్చినట్టు వాడి పాడుచేశానని అనుకుంటాడు. ఆమె ఆ మాట పట్టుకుని ఊరుకుంటుంది.

చాలామందికి ఇది నవ్వుకుని మర్చిపోయే సన్నివేశం. నాకు ఒళ్లు జలదరించింది. అప్పటిదాకా అనిమేలో అమ్మాయి తప్పు చేసిందంటే అడవిలో దారి తప్పడమో, శత్రువుకు చిక్కడమో, ఎవరినో ప్రేమించడమో. పనిలో తప్పు చేసిన అమ్మాయిని నేను చూడలేదు. పని వచ్చినవాళ్లే అలాంటి తప్పు చేయగలరు. రాసినావిడ ఎవరా అని వెతికితే హిరోము అరకావా అని తెలిసింది. హొక్కైడోలో పాడి పశువులున్న ఇంట్లో పుట్టి, టోక్యోకు వెళ్లేముందు ఏళ్ల తరబడి ఆ పనే చేసిన మనిషి. తన బొమ్మ గీసుకోవాల్సి వస్తే కళ్లద్దాలు పెట్టుకున్న ఆవులా గీసుకుంటుంది. అర్థమైపోయింది నాకు. చేత్తో పని చేసిన మనిషికి తప్ప ఆ స్క్రూ తట్టదు.

ఈ కథ మాంగాగా (జపాన్ బొమ్మల కథగా) వచ్చింది కూడా షోనెన్ పత్రికలోనే, మంత్లీ షోనెన్ గాన్‌గాన్‌లో. ఇంక జానర్‌ది తప్పని ఎలా అంటారు?

ఒక రాత్రి షాపు మూసే వేళ మళ్లీ చూస్తుంటే బాపు వెనక నిలబడి చూశాడు. విన్రీ కోపంతో ఎడ్ మీదికి పానా విసిరింది. "పానా ఇసురుడేంది? పనిముట్టును గట్ల ఇసురొద్దు" అన్నాడు. కథేమిటని అడిగితే స్క్రూ సంగతి చెప్పాను. చెబుతూ చెబుతూ నా చిరిగిన పేపరు సంగతి కూడా చెప్పేశాను. బాపు షట్టరు దించుతూ, "ఎరుకే బిడ్డా. మోటరు ఇప్పినప్పుడే చూసిన" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు సాకురా దగ్గరికి వస్తాను. నేను సాకురాను తిట్టేవాళ్ల పక్షం కాదు. చునిన్ అనే నింజాల పరీక్షలో శత్రువు జుట్టు పట్టుకుని లాగితే, కత్తితో ఆ జుట్టే కోసుకుని లేచి నిలబడే సన్నివేశం నాకూ ఇష్టం. కానీ ఆ తర్వాత ఏమైంది? హీరో నరుటో రాసెంగన్ అనే దెబ్బ నేర్చుకోవడం మనం పూసగుచ్చినట్టు చూశాం. ముందు నీళ్ల బుడగ, తర్వాత రబ్బరు బంతి, ఆ తర్వాత గాలి బుడగ. వాడి అరచెయ్యి కమిలిపోవడం కూడా చూశాం. సాకురా సునాడే అనే గురువు దగ్గర వైద్యం నేర్చుకుంటుంది కదా, అది రెండున్నరేళ్లు కథ ముందుకు దూకినప్పుడు ఆ ఖాళీలో జరిగిపోయింది. తిరిగొచ్చేసరికి డాక్టర్. ఎన్నిసార్లు తప్పింది, ఎవరి దగ్గర చీవాట్లు తింది, మొదటిసారి ఎవరిని బతికించింది, ఇవన్నీ కొట్లాటలకిచ్చినంత ఓపికతో చూపించలేదు. షిప్పుడెన్ (నరుటో రెండో భాగం) మొదట్లో కాంకురో అనే నింజా ఒంట్లోంచి విషం లాగి, మూలికలతో విరుగుడు తయారుచేసే ఘట్టం చూడండి, ఆ అమ్మాయి ఎంత నిండుగా కనిపిస్తుందో! వెంటనే చియో బామ్మతో కలిసి శత్రువు ససోరితో పోరాటం. ఆ కొద్ది ఎపిసోడ్లలో సాకురాను వేలెత్తి చూపేవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. ఆ తర్వాత కథ మళ్లీ ఆమెను తను ప్రేమించిన ససుకే వైపు చూస్తూ నిలబెట్టేసింది. అంటే రచయితకు చేతకాక కాదు, పట్టించుకోక.

ఇంకో రకం రచయితలు ఉంటారు. ఆడ పాత్ర బలహీనంగా ఉందని అంటే వెంటనే చేతిలో కత్తి పెట్టేస్తారు. పది మందిని నరికితే బలమైన స్త్రీ అయిపోయినట్టేనా? అటాక్ ఆన్ టైటన్‌లో మికాసా కంటే గొప్ప సైనికురాలు ఎవరుంటారు? కానీ హీరో ఎరెన్‌ను పక్కన పెట్టి, ఆమెకు ఏం ఇష్టమో చెప్పమంటే మనం ఆలోచనలో పడతాం. అదే కథలోని హాంజే సంగతి అడిగితే తడుముకోకుండా చెబుతాం, టైటన్లను (మనుషుల్ని తినే రాక్షసులను) పరిశోధించడమని. కత్తి ఇద్దరి చేతిలోనూ ఉంది. పని పిచ్చి ఒక్కరికే ఉంది.

ఇసెకాయ్ (వేరే లోకంలోకి వెళ్లే కథలు) అంటేనే చాలామంది ముఖం చిట్లిస్తారు. నాకూ చాలావాటితో విసుగే. ఒకడు లారీ కింద పడతాడు, వేరే లోకంలో లేస్తాడు, లేస్తూనే అన్నీ వచ్చేస్తాయి, చుట్టూ నలుగురు అమ్మాయిలు చేరతారు. వాడికీ పని లేదు, వాళ్లకూ పని లేదు. మగ పాత్రలు కూడా ఇలాగే జీవం లేకుండా పోతాయని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కానీ అదే ఇసెకాయ్‌లో అసెండెన్స్ ఆఫ్ ఎ బుక్‌వార్మ్ ఉంది. పుస్తకాల పిచ్చి ఉన్న అమ్మాయి, పుస్తకాలు డబ్బున్నవాళ్లకే దొరికే లోకంలో, రోగిష్టి ఐదేళ్ల పిల్ల ఒంట్లో కళ్లు తెరుస్తుంది. సరే, నేనే తయారుచేసుకుంటానంటుంది. మట్టి పలకలు కాలిస్తే పగిలిపోతాయి. చెక్క మీద రాసుకుంటే అమ్మ కట్టెలనుకుని పొయ్యిలో పెట్టేస్తుంది. చివరికి చెట్టు బెరడు ఉడకబెట్టి కాగితం తీస్తుంది. అందులో కాగితం ఆరబెట్టే దగ్గర, మేం వార్నిష్ కొట్టిన మోటర్లు ఎండలో పెట్టి గంట గంటకూ వెళ్లి ముట్టుకుని చూసుకోవడమే గుర్తొచ్చింది నాకు.

పనిలో పనిగా తెలుగు డబ్బింగ్ గురించి కూడా చెప్పేస్తాను. మన భాషలో అనిమే వస్తుందని నేను ఎంత సంబరపడ్డానో మాటల్లో చెప్పలేను. కానీ అమ్మాయి పాత్ర అనగానే ముక్కుతో సాగదీసే సన్నటి గొంతు ఎందుకు పెడతారు? 16 ఏళ్ల పిల్లా, 40 ఏళ్ల కమాండరూ ఒకేలా వినిపిస్తే ఎలా? మన ఊళ్లలో ఆడవాళ్లు అలా మాట్లాడతారా? నాట్లేసేటప్పుడు ఒక గట్టు మీంచి ఇంకో గట్టుకు పిలిచే గొంతులు ఎవరూ వినలేదా? జపనీస్‌లో విన్రీ తిడితే తిట్టినట్టే ఉంటుంది. ఆ బరువు తెలుగులోనూ రావాలి. రాగలదు కూడా.

మీ చెల్లికి షోజో చూపించాలా అని అడిగారు. చూపించండి, మంచివి ఉన్నాయి. ఫ్రూట్స్ బాస్కెట్ కొత్త అనిమే 2019లో మొదలై 2021లో పూర్తయింది, కథ చివరిదాకా ఉంది కాబట్టి అది పెట్టండి. కానీ ఆడపిల్ల కాబట్టి షోజో, మగపిల్లాడు కాబట్టి షోనెన్ అని పంచొద్దు. నన్నడిగితే ముందు బుక్‌వార్మ్, తర్వాత బ్రదర్‌హుడ్. మొత్తం 64 ఎపిసోడ్లు. మధ్యలో రష్ వ్యాలీ అనే ఊళ్లో వాన కురుస్తూ, వంతెన కూలి, డాక్టరు రాలేని పరిస్థితిలో విన్రీ ఒకామెకు కాన్పు చేస్తుంది. అంత పెద్ద ఆల్కెమిస్ట్ (రసవాది) ఎడ్ ఏం చేయాలో తెలియక నిలబడిపోతాడు. అది చూస్తున్నప్పుడు మీ చెల్లి ముఖం చూడండి.

ఒక్క జాగ్రత్త. బ్రదర్‌హుడ్ నాలుగో ఎపిసోడ్ మాత్రం ఒంటరిగా చూడనివ్వకండి. అందులో ఒక చిన్నపాపా, ఆమె కుక్కా ఉంటాయి. ఏం జరుగుతుందో చెప్పను. మీరు పక్కనే కూర్చోండి. అది చూసిన రాత్రి మా తమ్ముడు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. అప్పటికి వాడు డిగ్రీ చదువుతున్నాడు.